రేవు లేని ఊళ్ల పనితనం

పాత వస్తువులను వేలం వేసే పెద్ద సంస్థలు పాటకు ముందు జాబితా పుస్తకం అచ్చు వేస్తాయి. అందులో ప్రతి వస్తువు కిందా నాలుగు సంగతులు ఉంటాయి: అదేమిటి, ఎక్కడ చేశారు, ఏ కాలంలో చేశారు, ఎంత పలకవచ్చు. కొనేవాళ్ల చూపు నాలుగోదాని మీద పడుతుంది. ఆ నాలుగోదాన్ని నిలబెట్టేది మాత్రం చాలాసార్లు రెండోదే. ఒకే రకం దంతపు పొదుగు పెట్టె ‘విశాఖపట్నం, సుమారు 1770’ అన్న మాటతో వస్తే పాట ఒక తీరుగా సాగుతుంది, ‘భారతదేశం, 19వ శతాబ్దం’ అన్న మాటతో వస్తే మరో తీరుగా సాగుతుంది. గత సంచికలో కోనసముద్రం, నిర్మల్ కొలుముల ఉక్కు పర్షియా వర్తకుల చేతుల మీదుగా పోయి డమాస్కస్ అన్న పరాయి ఊరి పేరుతో చలామణీ అయిన వైనం చూశాం. ఇప్పుడు అదే ప్రశ్నను కొయ్యసామాను, వెండిసామాను వైపు తిప్పుదాం. మంచి పనితనం ఉన్న ఊరికి పేరు దానంతటదే వస్తుందని మనకొక నమ్మకం. సాక్ష్యాలు ఆ మాట చెప్పడం లేదు. వేలంలో ఊరికి పేరు తెచ్చింది రేవు, ఆ రేవులో కూర్చుని కాగితం రాసినవాడు. కరీంనగర్‌కు, ఆదిలాబాద్‌కు రేవు లేదు. వాటి వస్తువులకు పేరు లేకపోవడానికి మొదటి కారణం అదే.

ముందు పేరు దక్కిన ఊరిని చూద్దాం. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దం చివర్లో వర్తక స్థావరం పెట్టింది. కొద్ది దూరంలో భీమునిపట్నంలో డచ్చివాళ్లు ఉన్నారు. ఇద్దరూ వచ్చింది అద్దకం బట్టల కోసం. వచ్చినవాళ్లు తమ ఇళ్లకు కావలసిన కుర్చీలు, రాతబల్లలు, నగల పెట్టెలు కూడా ఇక్కడి పనివాళ్లతోనే చేయించుకున్నారు. మొదట్లో నల్లచేవ, టేకు, రోజ్‌వుడ్ చెక్కలను తొలిచి, తొలిచిన చోట దంతం ముక్కలు పొదిగేవారు. ఆ తీగలు, పువ్వులు అద్దకం బట్టల అంచుల నుంచి దిగినవే. 18వ శతాబ్దం రెండో సగానికి పద్ధతి మారింది. దంతాన్ని పల్చటి రేకులుగా కోసి పెట్టె పైభాగమంతా అతికించేవారు. రేకు మీద సన్నటి ములుకుతో బొమ్మ గీసి, గీతల్లో వేడి నల్ల లక్క నింపి, పైన మిగిలింది గీకేసేవారు. లక్క గాట్లలోనే నిలిచి బొమ్మ నల్లగా తేలేది. పాత విశాఖ పెట్టెను భూతద్దం కింద పెడితే ఈ లక్క గీత అంచు కాస్త బొడిపెగా, అక్కడక్కడ రాలిపోయి కనిపిస్తుంది. ఈ మధ్య సిరాతో గీసిన నకలులో గీత చదునుగా ఉంటుంది. దంతంలో అడ్డదిడ్డంగా కలుసుకునే సన్నటి సహజరేఖలు ఉంటాయి. ఎముకలో సూదిమొనంత నల్లటి రంధ్రాలు ఉంటాయి. వేడి సూది గుచ్చి చూడటం అనే పాత అలవాటు మాత్రం వస్తువును చెడగొట్టడమే తప్ప పరీక్ష కాదు.

ఇంత పనితనం ఉండబట్టే పేరొచ్చిందని అనవచ్చు. అయితే ఆ పేరు నిలవడానికి ఆధారాలు వెతికితే దొరికేవి ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు, దినచర్యలు. 1756లో జాన్ కార్నీల్ అనే బ్రిటిష్ సైనికాధికారి విశాఖపట్నం అద్దకం బట్టలకే కాక పొదుగుడు పనికి కూడా ప్రసిద్ధమని రాసిపెట్టాడు. ఈ విషయం మీద పరిశోధించినవాళ్లు నేటికీ మొదట చూపించేది ఆ మాటనే. 1773 నుంచి 1775 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ వించ్ దగ్గర దంతం తొడిగిన కుర్చీలు, సోఫాలు ఉండేవి. ఆయన చనిపోయాక 1781లో సామాను వేలానికి వస్తే మూడో జార్జి రాజు రాణి షార్లట్ కోసం కొన్నాడు. అవి ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. కంపెనీ అధికారి కొన్నాడు, కంపెనీ ఓడ ఎక్కించాడు, చనిపోతే ఆస్తి జాబితా రాశారు, వేలంలో రాజు కొంటే రాజుగారి గుమాస్తా మళ్లీ రాశాడు. ఒక్కో చేయి మారినప్పుడల్లా ఒక కాగితం పుట్టింది. గవర్నరు పేరు నిలిచింది, రాణి పేరు నిలిచింది, ఊరి పేరు నిలిచింది. ఆ కుర్చీ చేసిన కంసాలి పేరు మాత్రం ఏ కాగితంలోనూ ఎక్కలేదు. పేరు దక్కిన ఊరికైనా దక్కింది సగమే.

దంతం విలువైన సరుకు, రాజులు కొన్నది కాబట్టి గుర్తుంచుకున్నారు, కరీంనగర్ వెండితో పోలికేమిటి అని అడిగేవాళ్లు ఉంటారు. ఈ అభ్యంతరానికి జవాబు కోరమాండల్ తీరంలోనే ఉంది. 17వ శతాబ్దంలో ఈ తీరంలో నల్లచేవతో నిండా చెక్కడం చేసిన కుర్చీలు తయారై ఇంగ్లండుకు చేరాయి. కాగితం మాత్రం వాటి వెంట చేరలేదు. వంద సంవత్సరాలు గడిచేసరికి అవి ఎక్కడివో అక్కడివాళ్లు పూర్తిగా మరిచిపోయారు. 18వ శతాబ్దంలో పాతవస్తువుల పిచ్చికి పేరుమోసిన రచయిత హోరేస్ వాల్పోల్ అలాంటి కుర్చీలను వేలంలో కొని, ఇవి 16వ శతాబ్దపు ట్యూడర్ రాజుల కాలం నాటి ఇంగ్లీషు కుర్చీలని గట్టిగా నమ్మాడు. తన స్ట్రాబెర్రీ హిల్ భవనంలో పెట్టుకున్నాడు. ఆయన్ను చూసి మిగతా శ్రీమంతులూ కొన్నారు. తీరం అదే, పనివాళ్ల నైపుణ్యానికి లోటు లేదు, సరుకూ ఖరీదైనదే, కొన్నవాళ్లూ గొప్పవాళ్లే. కాగితం జారిపోయింది, తెలుగు, తమిళ తీరపు పనితనం ఇంగ్లీషు రాజుల వారసత్వంగా మారిపోయింది. నిపుణుడి కన్ను అన్నది ఎంత తేలిగ్గా మోసపోతుందో చెప్పడానికి ఇంతకంటే ముచ్చటైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇక కరీంనగర్. అసలు కథ మానేరు ఒడ్డున ఎలగందులలో మొదలవుతుంది. కోట ఉన్న ఊరు, జిల్లాకు ముఖ్యపట్టణం. 1905లో కచేరీలు కరీంనగర్‌కు తరలాయి. వెండి తీగపని రెండు ఊళ్లలోనూ సాగి చివరకు కొత్త ఊరి పేరుతో స్థిరపడింది. కాబట్టి వేలం పుస్తకంలో 18వ శతాబ్దపు గులాబ్‌పాష్ (పన్నీరుబుడ్డి) కింద ‘కరీంనగర్’ అని రాసి ఉంటే, ఆ పేరు తర్వాతి కాలపు జిల్లా పటం చూసి పెట్టిందని అర్థం చేసుకోవాలి. పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే పేరు ఎందుకు జారిపోయిందో కూడా తెలుస్తుంది. వెండిని కరిగించి కడ్డీ పోస్తారు. కమ్మచ్చు బెజ్జాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటిగా లాగి వెంట్రుకవాసి దాకా సన్నం చేస్తారు. రెండు తీగలు కలిపి పురిపెట్టి, నొక్కి చదును చేస్తే అంచు పొడవునా చిన్న చిన్న నొక్కులు పడతాయి. కాస్త లావు తీగతో ఆకు, పువ్వు, నెమలి చట్రం కట్టి, లోపల ఈ పురితీగను చుట్టలుగా, మెలికలుగా కూర్చి నింపుతారు. వెలిగారం, టంకం పొడి చల్లి ఊదుగొట్టంతో మంట పట్టిస్తే ముక్కలన్నీ పట్టుకుంటాయి. మంట ఒక్క క్షణం ఎక్కువైతే గంటల పని ముద్దవుతుంది. ఇలా తయారైన పాన్‌దాన్‌లో, అత్తర్‌దాన్‌లో చదునైన జాగా దాదాపు ఉండదు. ఇంగ్లండు వెండి గిన్నె బోర్లిస్తే పరీక్ష చేసిన ఊరి గుర్తు, సంవత్సరానికి అక్షరం, చేసినవాడి ముద్ర కనిపిస్తాయి. తీగల మధ్య గాలి తప్ప మరేమీ లేని చోట ముద్ర ఎక్కడ కొట్టాలి? కొట్టమనే చట్టం కూడా ఇక్కడ లేదు.

దానికి తోడు వెండికి ఇంకో శాపం ఉంది. టేకు బల్ల పాతబడితే అటక మీదికి పోతుంది, వెండి పాతబడితే కుంపట్లోకి పోతుంది. పెళ్లికో, కరువుకో, కొత్త నమూనా మోజుకో కరిగించడం ఇంటింటా ఉన్న ఆనవాయితీ. అందుచేత పాత తీగపని ఎక్కువగా బతికి ఉన్నది కరిగించే అవసరం రాని చోట, అంటే పరదేశపు అద్దాల బీరువాల్లో. అక్కడికి వెళ్లినప్పుడు వెంట కాగితం లేదు. నిజాం రాజ్యంలో ఈ ఊళ్లు సముద్రానికి దూరం, కంపెనీ లెక్కలకు ఇంకా దూరం. ఉత్తర తెలంగాణను మద్రాసు-ఢిల్లీ మార్గానికి కలిపిన కాజీపేట-బల్లార్షా రైలు లైను పూర్తయిందే 1929లో. అది కూడా పెద్దపల్లి మీదుగా పోయింది తప్ప కరీంనగర్ పట్నానికి రాలేదు. ఒడిశాలోని కటక్ సంగతి వేరు. అది 1803లోనే కంపెనీ చేతికి వచ్చింది, కలెక్టర్లు వచ్చారు, వాళ్ల నివేదికలు, ప్రదర్శనల జాబితాలు వచ్చాయి. వెండి తీగపని అనగానే కటక్ అని రాయడం అలవాటైంది. నేటికీ వేలం జాబితాల్లో మనకు దొరికే ఉత్తమమైన మాట ‘కటక్ లేదా కరీంనగర్’. ఆ ‘లేదా’ వెనక ఉన్నది పనితనాల పోలిక అనుకోవద్దు. ఒక ఊరికి దస్తావేజు ఉంది, రెండో ఊరికి లేదు.

శైలి చూసి చెప్పవచ్చు కదా అనేది తర్వాతి అభ్యంతరం. నిజమే, కొంతవరకు చెప్పవచ్చు. దక్కనీ కొలువుల అలవాట్లను బట్టి పాన్‌దాన్ ఆకారం, గులాబ్‌పాష్ మెడ, మూత మీది మొగ్గ ఒక దారి చూపుతాయి. మొఘల్, దక్కనీ లోహ వస్తువుల మీద మార్క్ జెబ్రోవ్‌స్కీ 1997లో తెచ్చిన పెద్ద పుస్తకం లాంటివి ఈ దారిని వెడల్పు చేశాయి. అయినా కంసాలి కాళ్లకు సంకెళ్లు లేవు. కొలువు ఎక్కడ ఉంటే అక్కడికి పోతాడు, గిరాకీ ఎలా ఉంటే అలా చేస్తాడు. ఎలగందులలో నేర్చినవాడు హైదరాబాద్‌లో కూర్చుని చేస్తే దాన్ని ఏ ఊరిది అనాలి? శైలి సంప్రదాయాన్ని చెబుతుంది, చిరునామా చెప్పదు. జాబితా రాసేవాడికి చిరునామా కావాలి కాబట్టి దొరికిన చిరునామా అంటిస్తాడు.

నిర్మల్ కొయ్యసామాను దగ్గర జబ్బు తలకిందులవుతుంది. అక్కడ ఊరి పేరు ఉంది, కాలమే అబద్ధం. పాత ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, 2016 నుంచి సొంత జిల్లాకు కేంద్రమైన నిర్మల్‌లో నకాషీలనే చిత్రకారుల పని బొమ్మలు, పళ్లేలు, పెట్టెలు. ‘నిజాం కాలపు బంగారు పొదుగు పళ్లెం’ అంటూ అమ్మకానికి వచ్చేవాటిలో తరచూ బంగారమూ ఉండదు, పొదుగుడూ ఉండదు, అంత వయసూ ఉండదు. అది నల్లటి నేల మీద రంగుతో వేసిన బొమ్మ. బంగారు ఛాయ తెప్పించడం నిర్మల్ పనివాళ్ల పాత విద్య. ఒకప్పుడు ఆకు పసరుల నుంచి, ఖనిజాల నుంచి రంగులు తీసేవారు. తర్వాత డ్యూకో, ఎనామిల్ వచ్చాయి. డ్యూకో అమెరికాలో మోటారుకార్ల కోసం 1923లో బజారులోకి వచ్చిన రంగు. కాబట్టి డ్యూకో పూత ఉన్న పళ్లేన్ని ఎవరు ఎంత గంభీరంగా 1850 నాటిదని చెప్పినా ఆ పూతే వాళ్లను కాదంటుంది. అడుగున కనిపించని మూల అసిటోన్ చుక్క తాకిస్తే ఆ పూత కరుగుతుంది. బొమ్మలకైతే మరో పరీక్ష బరువు. పొనికి కర్ర చేతికి తెలియనంత తేలిక. ముక్కలు అతికిన సందుల్లో చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపి కూరిన మెత్తన ఉంటుంది. పాతబడ్డ బొమ్మ మొదట పగిలేది ఆ సందులోనే. నిజాం ప్రధానిగా పనిచేసిన అక్బర్ హైదరీ కుటుంబం ఈ పనివాళ్లను హైదరాబాద్‌కు రప్పించి ఆదరించాక పల్లెటూరి బొమ్మల పని కొలువుల గదుల అలంకారం అయింది. ఆ తర్వాతి దశాబ్దాల నిర్మల్ సామాను తన వయసు తాను చెప్పుకుని అమ్ముడుపోయినా మంచి ధరే రావాలి. అబద్ధపు వయసు దానికి అవసరం లేదు, అమ్మేవాడికి అవసరం.

ఆదిలాబాద్ అడవి పల్లెల సరుకు దగ్గర పేరు పోవడమంటే డబ్బు పోవడం ఒక్కటే కాదు. ఉషేగాం లాంటి ఊళ్లలో వోజులనే లోహపు పనివాళ్లు మట్టి గుల్ల మీద తేనెమైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, మైనం కరిగి పోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలాలి కాబట్టి ఒక్కో అచ్చుకు ఒక్కటే బొమ్మ. గోండుల దేవతామూర్తులు, గంటలు, నగలు చేసి ఇచ్చేది వీళ్లే. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని రాసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పుస్తకాల్లో వస్తువు, దాన్ని పూజించే వంశం, పూజ జరిగే సందర్భం కలిసే కనిపిస్తాయి. వంశదేవత పెర్సా పెన్ పూజలో చామరం, ఇనుప ములుకు ఆ వంశానికి దేవుడి రూపాలు. ఇలాంటి వస్తువు ఊరు దాటి ‘మధ్యభారత గిరిజన కంచు’ అనే శీర్షిక కిందికి చేరితే, ఎవరు అమ్మారు, అమ్మే హక్కు వాళ్లకు ఉందా అని అడిగే దారి మూసుకుపోతుంది. ఊరి పేరు ఉంటే మెస్రం వాళ్లదా, మరో వంశానిదా అని విచారించవచ్చు. లేకపోతే అది దిక్కులేని వింతవస్తువు. కొత్తగా అమ్మకానికి చేసిన నెమలి, ఏనుగు బొమ్మల మాట వేరు, వాటిని నిశ్చింతగా కొనవచ్చు. పూజలో వాడిందని చెప్పి ఎక్కువ ధర అడిగే ముక్క దగ్గర కొనేవాడు ఆగాలి. చెప్పింది అబద్ధమైతే మోసం, నిజమైతే అంతకంటే పెద్ద తప్పు.

వేలంలో సొంతదారు పేరు ఎంత పని చేస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలు పలికింది, 2024లో 30 లక్షలు దాటింది. పిండి, చక్కెర, నెయ్యి ఏ మిఠాయి దుకాణంలోనైనా అవే. ధర పలికింది అది ఎవరి చేతిలో ఉండి వచ్చిందనేదానికి. 2019 జూన్ 19న న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేసిన మహారాజుల, మొఘలుల నగల వేలంలో సుమారు 10.9 కోట్ల డాలర్ల వ్యాపారం జరిగింది. అందులో హైదరాబాద్ నిజాం పేరు తగిలించుకున్న ఖడ్గమూ, హారమూ ఉన్నాయి. నిజాం పేరు ధరను మోసింది. తీగ లాగినవాడు, రాయి పొదిగినవాడు ఎక్కడివాళ్లన్నది పాటదారుల్లో ఎవరికీ పట్టలేదు. పట్టాలని వాళ్లను అడగడం కూడా అమాయకత్వమే. వేలం సంస్థ అమ్మేవాడి పక్షాన పనిచేస్తుంది, ధర పెంచే సమాచారాన్ని వెతుకుతుంది, పెంచని సమాచారం కోసం ఖర్చు పెట్టదు.

మరో రకం సేకరణ ఉండవచ్చని హైదరాబాద్‌లోనే ఒకరు చూపించారు. 1951లో ఈ నగరానికి వచ్చిన చిత్రకారుడు జగదీశ్ మిత్తల్ భార్య కమలతో కలిసి పాత బజార్లలో బిద్రీ, కాంస్యం, బట్టలు, తెలంగాణ పటాల బొమ్మలు కొన్నారు. 1976లో వాటిని సొంత ఆస్తిగా ఉంచుకోకుండా మ్యూజియంగా మార్చారు. డబ్బున్న సేకరణకర్త కాదు కాబట్టి పేరున్న వస్తువు కొనే స్తోమత ఆయనకు లేదు. పేరు లేనిదాన్ని కొని దాని ఊరు, కాలం, పద్ధతి తేల్చి రాయడం ఆయన పద్ధతి. తెలంగాణ పటచిత్రాలు ‘జానపద గుడ్డముక్కలు’ అనే గంపలోంచి బయటపడి దక్కనీ చిత్రకళలో చోటు సంపాదించుకోవడంలో ఆ రాతల పాత్ర పెద్దది. కాగితం రేవులోనే పుట్టాలన్న నియమం లేదు, ఆలస్యంగానైనా రాయవచ్చు. కరీంనగర్ తీగపనికి అంత ఓపికగా కూర్చున్నవాళ్లు ఇప్పటికి తక్కువే.

ఇప్పుడు భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఇంకేం కావాలి అనవచ్చు. కరీంనగర్ వెండి తీగపనికి 2007లోనే ఆ గుర్తింపు దక్కింది. కటక్ తీగపని ‘తారకసి’కి దక్కింది 2024లో. పైన చెప్పిన వోజుల ఇత్తడి పనికి, అంటే ఆదిలాబాద్ డోక్రాకు, 2018లో వచ్చింది. వరుసలో మనమే ముందున్నాం. సంతోషమే, ఈరోజు పని చేస్తున్నవాళ్లకు అది రక్షణ. కానీ ఆ గుర్తింపు రేపటి వస్తువుకు వర్తిస్తుంది, రెండు వందల ఏళ్ల కిందట చేసినదానికి వెనక్కి వెళ్లి ముద్ర వేయలేదు. పైగా ఈరోజు అమ్మిన పాన్‌దాన్ రసీదులో కూడా రాసేది వెండి గ్రాములు, మజూరీ. చేసినవాడి పేరు రాసే గడి ఉండదు. 18వ శతాబ్దపు గుమాస్తాను తప్పుపట్టే మనం మన రసీదు పుస్తకాన్ని కూడా ఒకసారి తిరగేయాలి.

చివరగా చట్టం సంగతి, ఎందుకంటే ఇక్కడ కథ విచిత్రమైన మలుపు తిరిగింది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం మన దేశంలో నూరేళ్లు నిండిన వస్తువు పురావస్తువు. వ్యాపారికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తి దాన్ని దేశం దాటించకూడదు. వన్యప్రాణి చట్టానికి 1986లో, 1991లో వచ్చిన సవరణలతో దంతం వ్యాపారం మూతపడింది. బ్రిటన్‌లోనూ 2018లో చేసిన దంతం చట్టం 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. అక్కడ ఇలాంటి పెట్టె 1947కు ముందుది అయి, మొత్తం ఘనపరిమాణంలో దంతం పదో వంతుకు లోపు ఉంటేనో, 1918కి ముందుదై అరుదైన కళాఖండమని నిపుణులు ధ్రువీకరిస్తేనో అమ్మకానికి వీలుంది. అంటే విశాఖ గంధపు పెట్టె మీది పల్చటి దంతపు రేకు మందం ఎంత, కింది చెక్క మందం ఎంత అని కొలిచి లెక్కకట్టాల్సిన పరిస్థితి. రెండు వందల యాభై ఏళ్లకు పైగా పేరు నిలబెట్టుకున్న ఆ పెట్టెను విశాఖ వర్తకుడు ఎవరైనా పాడుకున్నా సరుకుగా తన రేవుకు దించుకోలేడు. ‘కటక్ లేదా కరీంనగర్’ అని రాసి ఉన్న వెండి గులాబ్‌పాష్‌కు ఆ అడ్డు లేదు. దాని పాట తక్కువ దగ్గర మొదలవుతుంది, చాలాసార్లు తక్కువ దగ్గరే ఆగుతుంది.

పటాల బొమ్మల గురించి పైన ఒక్క ముక్కతో సరిపెట్టాను. చేర్యాల నకాషీలు, వాళ్ల పటాలు పట్టుకుని కులపురాణాలు చెబుతూ ఊరూరా తిరిగినవాళ్ల సంగతి వచ్చే సంచికలో.